మూత తీస్తే మరిచిపోయే మెషిను

పద్మారావు నగర్‌లో మా మ్యాచింగ్ సెంటర్ పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. బ్లౌజ్ పీసులు, లైనింగులు, ఫాల్స్, ఈమధ్య కొద్దిగా చీరలు. చిలకపచ్చకీ ఆకుపచ్చకీ మధ్య ఎన్ని పచ్చలున్నాయో, వాటిలో మీ చీర అంచుకు సరిపోయేది ఏదో ఒక్క చూపులో చెప్పేస్తాను. నాకున్న విద్య అదొక్కటే. కోరుకోకుండా వచ్చిపడిన విద్య ఇంకొకటి ఉండేది. మా వీధిలో సగం మంది ఆడవాళ్ల పిన్ నంబర్లు నాకు నోటికి వచ్చు.

తప్పు నాది కాదు. వాళ్లు కార్డు నా చేతిలో పెట్టి, రెండు చేతులా సంచులు పట్టుకుని, "నువ్వే కొట్టుకో అక్కా, నాలుగు సున్నా రెండు ఆరు" అని వెనక నిలబడ్డ నలుగురికీ వినపడేలా చెప్పేవాళ్లు. నేను కొట్టేదాన్ని. పిన్ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు మెసేజీలు పెడుతూనే ఉంటాయి. మా వీధిలో "ఎవరికీ" అంటే పక్కవీధి వాళ్లకి అని అర్థం. రోజూ చూసే అక్క దగ్గర దాచిపెడితే అక్క ఏమనుకుంటుంది? నిజం చెప్పొద్దూ, నాకూ లోలోపల గర్వంగానే ఉండేది. ఇంతమంది నన్ను నమ్ముతున్నారు కదా అని.

ఇక మా ఆయన సంగతి. మా ఇద్దరివీ కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబాలు. మా వైపు అందరూ టీచర్లు, వాళ్ల వైపు అందరూ ఆఫీసు గుమాస్తాలు. ఈయన ఒక్కరే ఎటూ చెందకుండా చిలకలగూడలో రేడియోలు బాగుచేసే షాపు పెట్టారు. రేడియోలు పోయాక టేపు రికార్డర్లు, అవి పోయాక టీవీలు, చివరికి మిక్సీలు. ఆ షాపు మూసేశాక నా షాపు వెనక గదిలో బల్ల వేసుకున్నారు. మా చర్చిలో మైకు గరగరమందంటే పాస్టరు గారు ప్రసంగం ఆపి ఈయన వైపే చూస్తారు.

ఆయనకు ఒకటే పట్టింపు. లోపల ఏముందో చూడని వస్తువును నమ్మరు. పెళ్లికి వచ్చిన గోడ గడియారాన్ని మొదటి వారంలోనే విప్పేశారు. కొత్త గ్యాస్ రెగ్యులేటరు విప్పబోతే నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. మూత తీసి చూడకుండా ఆయన ముప్పై నాలుగేళ్లుగా నెట్టుకొస్తున్నది నన్నొక్కదాన్నే. బ్యాంకువాళ్లు ఆయన పేరున ఒక డెబిట్ కార్డు పంపితే దాన్ని కవరులోంచి బయటికి కూడా తియ్యలేదు. "కార్డు పెట్టే ఆ డబ్బాలో ఏముందో నాకు తెలియదు. తెలియని డబ్బాకి నా నంబరు ఎందుకు చెప్పాలి?" అనేవారు. ఈ కాలంలో కూడా చీటీ రాసి బ్యాంకులో క్యూ కట్టే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

రెండేళ్ల కిందట శ్రావణమాసంలో జరిగిందిది. మా ఇంటికి పండగ క్రిస్మస్ అయినా, మా షాపుకు పండగ శ్రావణమే. ఆ నెల సంపాదనే మిగతా నెలల్ని లాక్కొస్తుంది. ఒక శుక్రవారం ఎవరో కౌంటరు మీది చీరను గట్టిగా లాగితే, దానితోపాటు కార్డు మెషిను కూడా నాపరాతి నేల మీద పడింది. తీసి చూస్తే బాగానే వెలుగుతోంది. అన్నీ పనిచేస్తున్నాయి. ఎనిమిదో అంకె మీట మాత్రం ఎంత నొక్కినా పలకడం లేదు.

ఒక్క అంకె పోతే ఏమవుతుందిలే అనుకున్నాను. ఏమవుతుందో ఆ సాయంత్రానికే తెలిసొచ్చింది. బిల్లు నూట ఎనభై అయితే కొట్టలేను. నూట డెబ్బై తొమ్మిది కొట్టి రూపాయి వదులుకునేదాన్ని. ఎనిమిది వందల తొంభై అయితే ఏడువందల తొంభై తొమ్మిదే కొట్టాలి, నా ప్రాణం ఉసూరుమనేది. అది నా బాధ. కొనేవాళ్ల బాధ ఇంకోటి. ఐదువేల లోపు బిల్లుకు కార్డు అలా తాకిస్తే చాలు, పిన్ అక్కర్లేదు. కానీ మా వీధి పెద్దవాళ్లలో చాలామంది భయపడి ఆ సౌకర్యాన్ని ఆపించేసుకున్నారు. పెళ్లి చీరలు కొనేవాళ్ల బిల్లు ఎలాగూ ఐదువేలు దాటుతుంది. వాళ్లంతా పిన్ కొట్టాల్సిందే, ఆ పిన్‌లో ఎనిమిది ఉందంటే అంతే సంగతులు. "అయ్యో, నాకు ఎనిమిది ఉంది అక్కా" అని ఒకరు, "నాకైతే రెండు ఎనిమిదులున్నయి" అని ఇంకొకరు. ఎవరి నంబరులో ఏముందో సగం సగం వీధంతా తెలిసిపోయింది.

బ్యాంకుకు ఫోన్ చేస్తే మనిషి రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. మా ఆయన వెనక గదిలోంచి తొంగిచూసి, "మీట కింద రబ్బరు పక్కకు జరిగుంటుంది. ఐదు నిమిషాల పని" అన్నారు.

నేను వద్దనలేదు. ఇది ఒప్పుకోవాలి. తర్వాత ఆయన్ని ఎన్ని మాటలన్నా, ఆ రోజు మాత్రం "త్వరగా కానివ్వండి" అన్నది నేనే.

ఆదివారం ఆరాధన అయిపోగానే నేరుగా షాపుకు వచ్చాం. ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, గడియారం వైపు చూసి, "పన్నెండుకు పది" అన్నారు. పని మొదలుపెట్టేముందు టైము చూసుకుని పుస్తకంలో రాసుకోవడం ఆయనకు రేడియోల కాలం నుంచీ అలవాటు. మరలు ఒక్కొక్కటే విప్పారు. వెనక మూతను గోటితో కొద్దిగా లేపారు. లేచిందో లేదో, మెషిను ఒక్కసారి కీచుమంది. తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. ఈ పరికరాన్ని ఎవరో తెరిచారు, బ్యాంకును సంప్రదించండి అని దాని భావం. మూత మళ్లీ పెట్టారు. ఆ వాక్యం పోలేదు. బ్యాటరీ తీసి పెట్టారు. పోలేదు. ఏ మీట నొక్కినా ఆ ఒక్క వాక్యమే.

"చచ్చిపోయింది" అన్నారాయన.

నలభై ఏళ్లలో ఏ వస్తువు గురించీ ఆ మాట అనలేదు. వరదనీళ్లలో నానిన టేపు రికార్డరును కూడా "ఒంట్లో బాగాలేదు" అనేవారు. తన చేతుల వైపు చూసుకున్నారు. నాకు భయమేసింది. మెషిను గురించి కాదు. ఆ చూపు గురించి.

అప్పుడు కంటికి పెట్టుకునే భూతద్దం తీసి, మూత పూర్తిగా విప్పి, లోపలికి చూడటం మొదలుపెట్టారు. గంట గడిచింది. నేను ముందు గదిలో బేరాలు చూసుకుంటూ మధ్యమధ్యలో తొంగిచూస్తున్నాను. కాసేపటికి వెనక నుంచి ఒక నవ్వు వినిపించింది. పరిగెత్తాను. మనిషికి మతి పోయిందేమోనని నా భయం.

"ఇలా రా. ఇది చూడు" అని భూతద్దం నా చేతికిచ్చారు.

మొదట నాకేమీ కనపడలేదు. తర్వాత కనపడింది. లోపల ఒక చిన్న భాగం చుట్టూ సన్నటి రాగి గీతలు అల్లుకుని ఉన్నాయి. మా షాపులో అమ్మే నెట్ గుడ్డ కూడా అంత సన్నంగా ఉండదు. మూత అంచుల కింద అక్కడక్కడా బొట్టుబిళ్లల్లాంటి మెత్తలు.

"ఎప్పుడో పేపర్లో చదివాను, నమ్మలేదు. మనం నొక్కే నంబరు ఇందులో దాచిపెట్టరు. దానికి ఇక్కడే తాళం వేసి బ్యాంకుకు పంపుతారు" అని ఆయన వేలు పెట్టి చూపించారు. "ఆ తాళంచెవి ఈ వల లోపల ఉంటుంది. మూత లేస్తే ఈ మెత్తలకు తెలుస్తుంది. ఎవరైనా వలను కోసినా తెలుస్తుంది. తెలిసిన మరుక్షణం ఆ తాళంచెవిని తనే చెరిపేసుకుంటుంది. నేను పాడుచెయ్యలేదు దీన్ని. నాకు దొరక్కూడదని అదే మరిచిపోయింది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు చర్చిలో వాక్యం చదివేటప్పటి గొంతులా ఉంది. నేను ఇన్నేళ్లుగా దాని మీటలు టకటకా నొక్కుతూ, తడిచేత్తో తుడుస్తూ, తిడుతూ ఉన్నాను. అరచేతి వెడల్పు లేని ఆ ప్లాస్టిక్ డబ్బా, మా వీధి ఆడవాళ్ల గుట్టు బయటపడటం కన్నా తను పోవడమే మేలనుకునేలా తయారైందని నాకేం తెలుసు? ఆ గుట్టును వాళ్లేమో నలుగురిలో అరిచి చెబుతున్నారు. నేనేమో విని గర్వపడుతున్నాను.

మంగళవారం బ్యాంకు తరఫున సర్వీసు ఇంజినీరు వచ్చింది. ముప్పై దాటిన మనిషి, బండి దిగి హెల్మెట్ తియ్యకుండానే మెషిను చూసి తల పట్టుకుంది.

"ఏందీ సార్, గిట్ల చేసిన్రు! దీన్ని మీరే కాదు, నేను తెరిచినా చస్తది. అది రూలు. ఏ కంపెనీ మెషినైనా సరే, తెరిస్తే చావాలె. ఆ టెస్టు పాస్ కాకపోతే దాన్ని దుకాణాలకే పంపరు."

"ఆ రూలు రాసిందెవరమ్మా?" అని అడిగారు మా ఆయన. కోపంతో కాదు. ఎవరో పెద్దమనిషి అడ్రసు కనుక్కుంటున్నట్టు.

"నాకేం తెలుసు సార్" అని ఆమె ఫారం తీసింది. నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మేడమ్, ఈ ఫారంల రెండే గడులున్నయి. పడ్డది, లేకుంటే తెరిచిన్రు. పడ్డదని రాస్తే వారంల కొత్తది వస్తది. తెరిచిన్రని రాస్తే ఎంక్వైరీ. నంబర్లు కొట్టేసేటోళ్లు మెషిన్ తెరిచి లోపట వేరే చిప్పు పెడ్తరు గద, మీరు సుత అదే చేసిన్రనుకుంటరు. ఆ లిస్టుల దుకాణం పేరు ఎక్కిందంటే మల్ల ఏ బ్యాంకూ మెషిన్ ఇయ్యదు. మస్తు పరేషాన్ అయితరు."

మెషిను పోతే పోయింది. దొంగలని రాసుకుంటారా మమ్మల్ని? ఈ వీధిలో ఇరవై ఏళ్లు బతికి, ఆ పేరు మోస్తూ రేపు చర్చి మెట్లెక్కడమెలా?

"పడిందమ్మా" అన్నాను. "శుక్రవారం పడింది. పదిమంది చూశారు. పడ్డదని రాసెయ్." అందులో అబద్ధం కూడా లేదు కదా!

"పడింది" అన్నారు మా ఆయన. "పడినందుకు చావలేదు. ఆదివారం నేను తెరిచాను, తెరిచినందుకు చచ్చింది. అదే రాయమ్మా."

నేను ఆయన కాలు తొక్కాను. కాలు పక్కకు తీసుకున్నారు. తెల్లకాగితం అడిగి తీసుకుని, తన గుండ్రటి అక్షరాలతో ఎనిమిదో మీట సంగతి, తాను విప్పిన వరుస, పుస్తకం చూసి టైముతో సహా అంతా రాసి సంతకం పెట్టారు. ఇంజినీరమ్మ ఆ కాగితాన్ని చివరిదాకా చదివింది. "జెర ఆలోచించుకోండ్రి సార్" అంది. ఆలోచించానన్నారు. చచ్చిన మెషినునీ కాగితాన్నీ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

నాకు కోపం నషాళానికి అంటింది. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నం వడ్డించాను, మంచినీళ్లు పెట్టాను, మాట మాత్రం లేదు. నాలుగో రోజు సీతాఫల్‌మండిలో బీపీ మాత్రలు కొనడానికి వెళ్లాం. ఆయన జేబులోంచి బ్యాంకువాళ్ల కవరు తీసి, అందులోంచి కార్డు బయటికి తీశారు. ఎప్పుడు బ్యాంకుకు వెళ్లొచ్చారో, పిన్ ఎప్పుడు పెట్టుకున్నారో నాకు చెప్పనే లేదు. తాకిస్తే సరిపోయే బిల్లు అది. అయినా కార్డును లోపలికి దోపి, ఎడమచేతిని గొడుగులా మీటల మీద అడ్డం పెట్టి, నా వైపు చూసి, "నువ్వు కూడా అటు తిరుగు" అన్నారు.

ముప్పై రెండేళ్ల కాపురం! పట్టిన మౌనవ్రతం అక్కడే భంగమైంది, మందుల షాపులో అందరి ముందూ పకపకా నవ్వేశాను.

"ఇన్నాళ్లూ విప్పి చూడనిదాన్ని నమ్మలేదు" అన్నారు దారిలో. "ఇది విప్పనివ్వలేదు కాబట్టి నమ్ముతున్నాను." మనిషి మొహం వెలిగిపోతోంది. మా షాపు మునిగిపోయేలా ఉందన్న ధ్యాసే లేదు. మళ్లీ ఒళ్లు మండింది.

శ్రావణం సగం గడిచింది. ఫోన్‌తో స్కాన్ చేసేవాళ్లు వస్తున్నారు. కార్డువాళ్లు గుమ్మం దాకా వచ్చి, మెషిను లేదంటే నాలుగు షాపుల అవతలికి వెళ్లిపోతున్నారు. వెళ్తే వెళ్లారు. మెషిను ఎందుకు లేదో వీధికి తెలిసిపోయింది. ఎలా పాకిందో ఏమో, మేము దాన్ని తెరిచామన్నది కాస్తా నంబర్ల కోసం తెరిచామన్నదిగా మారింది.

ఒక మధ్యాహ్నం పక్క సందు స్కూల్లో పాఠాలు చెప్పే ఆవిడ వచ్చింది. పదిహేనేళ్లుగా నా దగ్గర తప్ప ఎక్కడా జాకెట్టు గుడ్డ కొనదు. రెండు మీటర్ల లైనింగు తీసుకుని, నోట్లు ఇచ్చి, కదలకుండా నిలబడింది.

"అక్కా, ఏమనుకోకు. నేను పిన్ నంబరు మార్చుకున్న. మా ఇంట్ల మార్చుకోమని ఒకటే లొల్లి" అంది.

తల కొట్టేసినట్టయింది. పాత నంబరు నా నాలుక చివరే ఉంది. వెనక గదిలో స్క్రూడ్రైవరు చప్పుడు ఆగింది. మా ఆయన బయటికి వచ్చి, "మంచి పని చేశావమ్మా. అందరూ మార్చుకోవాలి" అన్నారు. ఆమె కళ్లెత్తకుండా వెళ్లిపోయింది. ఆయన మాత్రం చీకటి పడేదాకా మళ్లీ స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. ఆ మాట తగలాల్సిన చోట ఆయనకూ తగిలిందని నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజు తర్వాత నేను ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు.

మూడో వారంలో ఇంజినీరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి హెల్మెట్ తీసి, స్టూలు మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగింది. నేను బట్టల తాను సర్దుతున్నట్టు నటించాను.

"సార్, మీరు కాగితంల ఏం టైము రాసిన్రు?" అని అడిగింది.

"పన్నెండుకు పది."

"మెషిన్ల సుత అదే ఉంది" అంది. "తాళంచెవి చెరిపేసుకునేటప్పుడు, ఎప్పుడు తెరిచిన్రన్నది మాత్రం రాసి పెట్టుకుంటదట. ఆదివారం, పన్నెండుకు తొమ్మిది నిమిషాలు తక్కువ. మా ఆఫీసుల మీ కాగితాన్నీ దాన్నీ పక్కపక్కన పెట్టి చూసిన్రు. లోపట వేరే చిప్పు లేదు. తెరిచినప్పుడే అంతా చెరిగిపోయింది గదా, ఎవరి నంబరూ ఎవరికీ దొరికే మాటే లేదు. సార్ దొంగ కాదని మీరు చెప్పుడు కాదు మేడమ్, అది చచ్చి చెప్పింది." తర్వాత నా వైపు చూసి, "శుక్రవారం పడి చచ్చిందని రాసుంటే మాత్రం దొరికిపోతుంటిమి. మీరూ, నేనూ" అంది.

నా తెలివితేటలు నడిచి ఉంటే మా పేరు నిజంగానే ఆ లిస్టులో ఉండేది. మమ్మల్ని కాపాడింది ఆయన నిజం, దానికి సాక్ష్యం చెప్పింది ఆయన చేతిలో పోయిన ఆ డబ్బా. ఎక్కడో ఎవరో, మా వీధి పేరు కూడా వినని మనుషులు, ఇలాంటి ఒక ఆదివారాన్ని ముందే ఊహించి రూలు రాసి పెట్టారు. దొంగను పట్టించడానికి రాసుంటారు. దొంగ కానివాణ్ని విడిపించడానికి కూడా అదే రూలు పనికొచ్చింది. ఆ ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తీరలేదు.

కొత్త మెషినుతోపాటు సంతకం పెట్టమని ఒక కాగితం ఇచ్చింది. తెరవకూడదు. రోజూ సీలు చూసుకోవాలి. కొనేవాళ్ల పిన్ కొనేవాళ్లే కొట్టాలి, షాపువాళ్లు అడగకూడదు, కొట్టకూడదు, చూడకూడదు. "ప్రతి లైనూ మనం దొంగలమన్నట్టే రాశారు" అని గొణిగాను.

"కాదే" అన్నారాయన, కాగితాన్ని రెండోసారి చదువుతూ. "మనం మంచివాళ్లమా కాదా అని ఎవరూ ఆలోచించక్కర్లేకుండా రాశారు. ఎంత పెద్ద మనసు ఉంటే రాస్తారు ఇలా!" సంతకం ఆయనే పెట్టారు.

మెషిను వచ్చిందని తెలిసి మొదట వచ్చింది ఆ టీచరమ్మే. చీర ఎంచుకుంది, బిల్లు ఆరువేలకు పైనే అయింది. కార్డు నా చేతిలో పెట్టింది. షాపు నిండా జనం. మొహం ఎర్రగా చేసుకుని, అందరికీ వినపడాలనే, గొంతు పెంచి అంది: "నా కొత్త నంబరు చెప్తున్న, నువ్వే కొట్టుకో అక్కా. మూడు..."

కౌంటరు మీదికి వంగి చేత్తో ఆమె నోరు మూసేశాను. ఆమె బిత్తరపోయింది. నన్ను మళ్లీ నమ్ముతున్నానని చెప్పడానికి ఆమెకు తెలిసిన దారి అదొక్కటే. దాన్ని మించి నేను కోరుకున్నదీ లేదు. అయినా సరే.

"వద్దమ్మా. నాకు చెప్పకు, ఎవరికీ చెప్పకు" అని మెషిను ఆమె వైపు తిప్పి, నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. వెనక నాలుగు మీటల చప్పుడు, ఆగి ఆగి, అలవాటు లేని వేలితో నొక్కినట్టు వినిపించింది. తర్వాత రసీదు బయటికి వస్తున్న గరగర. "అయిపోయింది, ఇటు తిరుగు అక్కా" అంది ఆమె. నేను వెంటనే తిరగలేదు. ముందు కళ్లు తుడుచుకోవాలి కదా.